హాజరి

రాత్రి మూడు గొట్టంగ లేస్తది కుర్మమ్మ.
కొంగు నడుముకు బిగిచ్చి
మంచం కింద తట్ట కోసం దేవులాడ్తది.
"లారీ పోయిందా?" అంటది.

ఏ లారీ అని అడగొద్దు.
నేను అడిగిన. మొదటి నెలంత అడిగిన.
"లారీ లేదు, పండు" అని కసిరిన.
లేని లారీ కోసం ఆమె ఏడుస్తుంటె
ఉన్న మంచాన్ని చూపిచ్చిన.

మెట్టుగడ్డ కాడ, మందుల దుకాణం మీద మా హోం.
పదకొండు మంచాలు, రెండు బాత్రూములు,
రాత్రికి ఒక్క నేను.
అప్పుడు మాకొక పద్ధతి ఉండె:
పాత చీర పేలిక, మంచం కోడు, ముడి.
తెల్లారి ముడి ఇప్పితే
మణికట్టు మీద గాజేసినట్టు ఎర్రటి గీత.
చూసెటోళ్లు వస్తరని పౌడరు అద్దేదాన్ని.
ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలే.

పెద్ద దవాఖాన నుంచి షమీమ్ సిస్టర్ వచ్చింది ఒకనాడు.
పౌడరు కింది గీత చూసింది.
తిట్టలే.
"ఈమె ఏం పని జేసేది?" అనడిగింది.
షుగరెంత, బీపీ ఎంత, అందరడుగుతరు.
కేసు షీటు మీద పనికి గడి లేదు.

ఆదివారం సద్దిడబ్బతోని వచ్చిన ఆడిబిడ్డ చెప్పింది:
"మట్టిపని.
ఏడ కట్ట కడితే ఆడికి వొయినం.
ముప్పై ఏండ్లు.
మూడింటికి లారీ. ఎక్కకుంటె కూలి లేదు,
కూలి లేకుంటె పిల్లకు గటక లేదు."

నేనింకా రోగమనుకుంటున్న.
ఆమె డ్యూటీకి పోతున్నది.

లాంగు నోటుబుక్కు కొన్న. గీతలు గొట్టిన.
మూడింటికి వాకిట్ల నిలవడి, గొంతు లావు జేసి,
"కుర్మమ్మా!"
"ఉన్న!"

కొడుకు పేరు పోయింది ఆమెకు, ఊరి పేరు పోయింది,
బువ్వ నోట్లె వెడితే మింగుడు యాది లేదు.
ఈ ఒక్క పిలుపుకు మాత్రం
గోడలు అదిరేటట్టు: ఉన్న!

టిక్కు వెట్టిన.
"ఇయ్యాల అమాస. పని బందు. కూలి ఇస్తరు, పండుకో."
నన్ను ఎగాదిగ చూసింది.
"కొత్త మేస్త్రివా?" అన్నది.
పని బందైనా కూలిచ్చే మేస్త్రిని
ఆమె యాడ సూడలేదట.

రోజూ గిట్లనే గాదు.
కొన్ని రాత్రులు మేస్త్రిని గూడ కొడ్తది.
ఒకసారి నా దవడ వాసింది.
పేలికలు మాత్రం దుకాణంల గిన్నెలు తుడ్వనీకి ఇచ్చేసిన.
సేటును ఇంకో ఆయాను పెట్టమన్న.
"చూద్దాం" అన్నడు. చూస్తనే ఉన్నడు.

ఆరో మంచం విఠోబా సారుది.
నారాయణపేట బడిల లెక్కలు చెప్పినాయన.
మాట పడిపొయ్యి, కడుపుల గడ్డ ముదిరి,
మూలుగుతుండె. "ముసలోళ్ల మూలుగు గద" అంటిమి.
"నొప్పి నోటితోనే చెప్పాల్నా?" అన్నది సిస్టర్.
నొసలు చూడమన్నది. కాలివేళ్లు చూడమన్నది.
పక్కకు తిప్పేముందు
అరచేతులు రుద్ది వేడి జేసుకోమన్నది.

ఆ నోటుబుక్కులనే, కుర్మమ్మ టిక్కుల పక్కన, రాసుకున్న:
పది గంటలకు నొసలు ముడి, వేళ్లు బిగిసినయ్.
మందు చుక్కలు వోసిన.
పదకొండుకు ముడి సడలింది.
ఒకటిన్నరకు నా చెయ్యి పట్టుకున్నడు.
దానికి ఏ మందు రాయాల్నో తెల్వక ఖాళీ ఇడిచిన.

మొన్న మంగళారం పోయిండు.
నొసలు సాపుగుండె,
తుడ్చి ఎండకు పెట్టిన పలక లెక్క.

ఆ రాత్రి మూడింటికి
హాజరి పలికినంక కుర్మమ్మ పండలే.
ఖాళీ మంచం దిక్కు చెయ్యి జూపింది.
"ఆ మనిషి పనికి రాలేదా?"

నేను తల గోక్కున్న.
"వొయ్యిండు" అన్న.

చాన సేపు ఆలోచన జేసింది.
"సగం పూట జేసిండు పాపం.
సగం కూలన్న రాయి, మేస్త్రీ."

పెన్ను తీసిన.
సగం అని రాయబుద్ధి గాలే.